మన వీధికి కావలి యెవరు?

సంధ్యవేళ దీపము పెట్టిన పిమ్మట కొంతసేపు వీధితలుపు తెరచియుంచవలెనని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుండెడివారు. అది లక్ష్మి యింటికి వచ్చు వేళ యని వారి నమ్మకము. నేడు మా వీధిలో దీపము పెట్టకమునుపే తలుపులు మూతపడుచున్నవి. తలుపునకు ముందు ఇనుప కటకటాలు, వానికి తాళము, గుమ్మముపైన కెమెరా. ఇవన్నియు ఈ రెండేండ్లలో వచ్చినవి. "మన వీధి భద్రమైనదేనా? సాయంకాలము పిల్లలను ట్యూషనుకు పంపవచ్చునా?" అని తల్లిదండ్రులు నన్నడుగుచున్నారు. మన విద్యార్థులలో అనేకులు మదురై పాత నగరపు వీధులనుండి వచ్చువారే కావున, ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును పత్రికాముఖమున తెలుపుట నా విధియని తలచితిని. ఆ సమాధానములో నా తప్పు కూడ ఒకటి యున్నది. దానిని దాచి వ్రాసినచో ఈ వ్యాసమునకు విలువ యుండదు.

మా వీధి తిరుమల నాయకుని మహలునకు కూతవేటు దూరములో నున్నది. తెలుగువారి యిండ్లు కొన్ని, సౌరాష్ట్రుల యిండ్లు కొన్ని, తమిళుల యిండ్లు కొన్ని. ఒకే అరుగుమీద మూడు భాషలు వినబడుట మాకు వింత కాదు. ఆ అరుగులలో ఒకదానిపై ప్రతిదినము సాయంకాలము ఒక అవ్వ కూర్చుండి మల్లెపూలు కట్టుచుండెడిది. రెండేండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము, కరెంటు పోయియున్న వేళ, మోటారుసైకిలుపై ఇద్దరు వచ్చిరి. ఒకడు దిగి, చిరునామా అడుగుచున్నట్లు నటించి, ఆమె మెడలోని మూడు సవరల గొలుసును లాగుకొని పోయెను. అవ్వ అరుగుమీదినుండి క్రింద పడెను. గొలుసు కోసిన గాయము నెలదినముల వరకు మానలేదు. ఆ గొలుసు ఆమె భర్త బ్రతికియున్న దినములలో చేయించినది. దొంగతనమును గూర్చి తేలికగా మాటాడువారు అట్టి గాయమును చూచియుండరు. నేను చూచితిని. కావున దొంగపై జాలి చూపుడని చెప్పుటకు నేనీ వ్యాసము వ్రాయుటలేదని మొదటనే మనవి చేయుచున్నాను.

పది నిముషములలో వీధియంతయు గుమిగూడెను. మా యిండ్లకు పాలపొట్లములు వేయు పిల్లవాడు ఆ సమయమునకే నెల డబ్బు వసూలు చేసికొనుటకు వచ్చియుండెను. పదునేడేండ్లవాడు. మూడేండ్లుగా ప్రతి ఉదయము నాలుగున్నర గంటలకు మా గుమ్మములలో పాలు పెట్టిపోవుచుండెడివాడు. "ఏ వేళ యెవరెక్కడ నుందురో వీనికే తెలియును" అని యొకరనిరి. "నీదే ఊరు?" అని వేరొకరడిగిరి. "ఉసిలంపట్టి పక్కన" అని వాడు చెప్పెను. ఆ ఒక్క మాటతో విచారణ ముగిసినది. ఇద్దరు వాని చొక్కా పట్టుకొనిరి. ఒకరు వాని ఫోటో తీసి వీధివారి వాట్సాప్ గుంపునకు పంపిరి. నా ప్రక్కనున్న పెద్దమనిషి, వానికి అర్థము కాకుండుటకై తెలుగులో, "వీళ్ల జాతే అంత" అనెను. అవ్వ మాత్రము "వాడు కాదురా, వాడు కాదు" అనుచునే యుండెను. దెబ్బతిన్న ఆమె మాటనే యెవరును వినిపించుకొనలేదు.

అప్పుడా పిల్లవాడు మా వైపు తిరిగి, తెలుగులోనే, "నేను ఎత్తలేదు, సామీ" అనెను.

మూడేండ్లు మా గుమ్మములలో తిరిగి వాడు మా భాష నేర్చుకొనెను. వానికి ఎవరును పాఠము చెప్పలేదు. "రేపు రెండు పొట్లాలెయ్యి", "చిల్లర లేదు, రేపు రా" అను మాటలనుండి వాడు తెలుగును కూడబెట్టుకొనెను. తమిళదేశమున తెలుగు నిలుచుటకై పాటుపడవలెనని ఏటేట ఉపన్యసించు ఉపాధ్యాయుడను నేను. ఆ తెలుగును తానుగా నేర్చిన పరాయి బిడ్డకు, ఆ తెలుగులోనే, వాని పుట్టుకను నిందించు మాట వినబడుచుండగా నేను ప్రక్కనే నిలిచియుంటిని. నా మాట వినువారు, నా వద్ద చదివినవారు కూడ, అక్కడ నుండిరి. "తగదు" అని ఒక్కమాట అనినచో వాని చొక్కా వదలియుందురు. నేననలేదు. ఇదియే నా తప్పు.

పోలీసులు వచ్చి, రెండు వీధుల అవతల ఒక అంగడి కెమెరాలో బండిని గుర్తించిరి. మూడు వారములలో దొంగలు దొరకిరి. వారికి మా వీధితో గాని, ఆ పిల్లవానితో గాని, ఉసిలంపట్టితో గాని ఏ సంబంధమును లేదు. ఫోటో పంపినవారు దానిని తొలగించిరి. క్షమింపుమని మాత్రము ఎవరును వానితో చెప్పలేదు. ఆ మరునాటినుండియే వాడు మా వీధికి వచ్చుట మానెను.

ఇక భద్రత సంగతి విచారింతము. ఇట్టి సందర్భములలో మనవారు ముందుగా పత్రికలలోని లెక్కలను చూపుదురు. మన దేశములో నేరముల లెక్కలు 1953 నుండి ఏటేట సంపుటములుగా వెలువడుచున్నవి. 1986లో నెలకొల్పబడిన జాతీయ నేర రికార్డుల సంస్థ ఇప్పుడాపని చేయుచున్నది. నేరముల రేటు అనగా లక్షమంది జనులకు నమోదైన కేసుల సంఖ్య. ఈ 'నమోదైన' యను మాటను మనము తరచుగా మరచిపోవుదుము. జనులు భయపడక ఠాణాకు పోయి ఫిర్యాదు చేసినచో సంఖ్య పెరుగును. ఫిర్యాదు తీసికొనక త్రిప్పి పంపినచో సంఖ్య తగ్గును. మొదటిది చెడ్డ ఊరు కాదు, రెండవది మంచి ఊరు కాదు. నమోదు పెరిగినంత మాత్రమున నేరము పెరిగినదని తలపరాదని ఆ సంస్థయే తన నివేదికలలో హెచ్చరించుచున్నది. విచారణార్హమైన (కాగ్నిజబుల్) నేరము జరిగినదని సమాచారమందిన పక్షమున, పోలీసులు దానిని తప్పక నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2013 నవంబరులో తీర్పు చెప్పినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షను మెడలోని గొలుసు లాగుకొనిపోవుట వంటి అపహరణమును ప్రత్యేక నేరముగా గుర్తించినది. ఇట్టి మార్పుల తరువాత అంకెలు మారుట సహజము. ఆ మార్పునకు హేతువు దొంగలు పెరుగుటయే కానక్కరలేదు.

విద్యార్థులకు ఒక చిన్న లెక్క చెప్పెదను. ఒక వీధిలో 400 మంది యున్నారనుకొనుడు. సంవత్సరములో ఒక గొలుసు పోయినది. లక్షకు లెక్క కట్టినచో రేటు 250 అగును. మరుసటి సంవత్సరము ఏమియు పోలేదు, రేటు సున్న. మొదటి సంవత్సరము ఆ వీధి దొంగల గుహయు కాదు, రెండవ సంవత్సరము రామరాజ్యమును కాదు. లెక్కలు పెద్ద నగరమును, అనేక సంవత్సరములను పరిశీలించుటకు ఉపకరించును గాని, ఒక్క వీధి మంచిచెడ్డలను తేల్చుటకు చాలవు. వీధి సంగతి వీధిలోనివారే చూడవలెను. అట్లు చూచునపుడు మనము ఏమి చూచుచున్నామనునదే అసలు ప్రశ్న. మనుష్యుడు చేసిన పనిని చూచుచున్నామా, అతడు పుట్టిన ఊరును చూచుచున్నామా?

ఈ ప్రశ్నను మొట్టమొదట ఎదుర్కొనిన నగరము మన మదురైయే. శిలప్పదికారపు కథ మీరందరును ఎరుగుదురు. పుహారునుండి వచ్చిన కోవలన్ ఈ ఊరికి పరాయివాడు. భార్య కాలి అందెను అమ్ముకొని బ్రతుకుదమని అంగడికి వచ్చెను. రాణి అందెను తానే దొంగిలించిన కంసాలి "దొంగ దొరకెను" అని రాజునకు చెప్పెను. రాజు ఆ అందెను తెప్పించి చూడలేదు, ఆ పరాయివానిని పిలిపించి ఒక్క మాట అడుగలేదు. చంపుడని ఆజ్ఞ యిచ్చెను. తన అందెలో నుండునవి మాణిక్యములని కణ్ణగి సభలో పగులగొట్టి చూపెను; రాణి అందెలో నుండునవి ముత్యములు. ఒక్క నిముషపు విచారణతో తేలవలసిన సంగతి యది. ఆ నిముషము వెచ్చింపనందున రాజు ప్రాణము పోయినది, నగరము కాలినది. అసలు దొంగ పరాయివాడు కాడనియు, రాజు నమ్మిన మనిషియేననియు కూడ మనము గమనింపవలెను.

అది కావ్యకథ యందురేమో. చరిత్రనుండి ఒక విషయము చెప్పెదను. పుట్టుకతోనే మనుష్యుడు నేరస్థుడగునని నిర్ణయించిన చట్టము ఒకటి ఈ దేశములో నుండెను. 1871లో ఉత్తర భారతమున మొదలైన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి కూడ విస్తరించినది. ఆ దశకములోనే మన మదురైకి పడమటనున్న పిరమలై కళ్ళరులపై దానిని ప్రయోగించిరి. దొంగతనము చేసినవాడు, చేయనివాడు అను భేదము లేక పురుషులు వ్రేలిముద్ర వేయవలెను. రాత్రులు అధికారుల యెదుట హాజరు కావలెను. ఊరు దాటుటకు అనుమతి చీటి కావలెను. తమిళులు దానిని 'రేఖ చట్టము' అనిరి. 1920 ఏప్రిల్ 3వ తేదీన ఉసిలంపట్టి ప్రాంతములోని పెరుంగామనల్లూరు ప్రజలు వ్రేలిముద్ర వేయమని నిరాకరింపగా పోలీసులు కాల్పులు జరిపిరి. పదునారుగురు మరణించిరి. వారిలో మాయక్కాళ్ అను స్త్రీ కూడ నుండెను. 1947లో మద్రాసు ప్రభుత్వము ఆ చట్టమును రద్దుచేసినది. 1952 ఆగస్టు 31వ తేదీన దేశమంతటను అది తొలగింపబడినది. చట్టము పోయి డెబ్బదేండ్లు దాటినది. అయినను మా వీధిలో "ఉసిలంపట్టి పక్కన" అను రెండు మాటలు విన్నంతనే వ్రేలిముద్ర అడుగు మనస్సు మాలోనుండి మేల్కొనెను.

ఇది పరాయివారి సంగతి యని తెలుగు బిడ్డలెవరైనను అనుకొందురేమోయని మరియొక మాట చెప్పుచున్నాను. నాడు ఆ చట్టమునకు లోబడి, నేడు తమిళనాట 'సీర్ మరబినర్' అని వ్యవహరింపబడు జాతులు 68. ఆ పట్టికను తెరచి చూడుడు. అందు తొట్టియ నాయకులున్నారు, బోయలున్నారు, ఒడ్డెలున్నారు, తెలుంగపట్టి చెట్టులున్నారు. వీరిలో ఇండ్లలో తెలుగు మాటాడువారెందరో కలరు. 1799లో కయత్తారున ఉరితీయబడిన వీరపాండ్య కట్టబొమ్మన పుట్టినది తొట్టియ నాయకులలోనే. ఆయన విగ్రహమునకు దండ వేయు చేతులతోనే మనము మరియొకని జాతికి ముద్ర వేయుట తగునా? ఆనాడు వ్రేలిముద్రల పుస్తకములో కళ్ళరు పేరునకు క్రింద తెలుగువాని పేరు కూడ చేరగలిగినది. ఈనాడు మరియొక ఊరిలో, మరియొక వీధిలో, "నీదే భాష?" అని అడిగి మన బిడ్డ చొక్కా పట్టుకొనువారుండరని ఎవరు చెప్పగలరు? అల్పసంఖ్యాకులకు ఈ విషయము ఇతరులకంటె ముందుగా తెలిసియుండవలెను.

నేను తెలుగు పండిత శిక్షణ పొందినది ఆంధ్రదేశములో, నాటి గుంటూరు జిల్లాలో. ఆ దినములలో సెలవులకు రైలులో వచ్చిపోవునపుడు బాపట్ల, చీరాలల నడుమ స్టూవర్టుపురము స్టేషను తగులుచుండెడిది. బండి అక్కడ నెమ్మదించినంతనే ప్రయాణికులు మాటలు మాని పెట్టెలపై చేయి వేసికొనెడివారు. నేనును వేసికొంటిని. ఆ ఊరు 1913 ప్రాంతమున ఇదే చట్టము క్రింద ఎరుకల కుటుంబములను నిర్బంధముగా ఉంచుటకు సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో ఏర్పడినది. నాటి మద్రాసు ప్రభుత్వములోని హెరాల్డ్ స్టూవర్టు అను దొర పేరు దానికి పెట్టిరి. ఆ పేరు చివరకు 1991లో ఒక చలనచిత్రమునకు పేరైనది. కాని 1970వ దశకమున గుఱ్ఱము జాషువ గారి కుమార్తె హేమలతా లవణం గారును, ఆమె భర్త లవణం గారును ఆ ఊరికి పోయి, అక్కడివారి యిండ్లలో కూర్చుండి, వారి పిల్లల చదువును, పెద్దల జీవనోపాధిని గూర్చి పనిచేసిరి. ముద్రను చూచి పెట్టె పట్టుకొనినవారు లక్షలమంది. మనుష్యుని చూచి లోపలికి నడచినవారు కొలదిమంది. ఆ ఊరిలో మార్పు తెచ్చినది ఆ కొలదిమందియే. శిక్షణలో నేను చదివిన పుస్తకములకంటె ఈ సంగతి గొప్ప పాఠము. దానిని నేర్చితిననుకొంటిని. మా వీధిలో ఆ సాయంకాలము పరీక్ష వచ్చినపుడు తప్పితిని.

ఇప్పుడు మా వీధి సంగతికి మరల వచ్చెదను. ఆ పిల్లవాడు పోయిన తరువాత మేము కోల్పోయినదేమి? ఉదయము నాలుగున్నరకు మా వీధిలో మేలుకొనియుండెడివాడు వాడొక్కడే. ఏ యింటి తలుపు తెరచియున్నది, ఏ యింటి ముందు నిన్నటి పాలపొట్లము తీయక పడియున్నది, ఏ ముసలివారు పిలిచినను పలుకుటలేదు అని మొదట గమనించువాడు వాడే. ఒకమారు మా యెదురింటి తాత స్నానాల గదిలో జారిపడగా తలుపు తట్టి మమ్ము లేపినవాడును వాడే. ఇప్పుడు పాలు ఒక సంస్థవారు పంపుదురు. బండివాడు దినమునకొకడు వచ్చును. పొట్లము పడవేసి మరల చూడక పోవును. దొంగ భయముచే మేము వెడలగొట్టినది దొంగను కాదు, జీతము లేని మా కావలివానిని.

మన ప్రాంతపు చరిత్ర కూడ ఇట్లే నడచినది. నేరస్థులని ముద్రవేయబడిన కళ్ళరులలో అనేకులు అంతకుముందు తరతరములుగా గ్రామములకు కావలివారు. పోయిన సొత్తును వెదకి తెచ్చుట, తేలేనిచో నష్టపరిహారమిచ్చుట కావలి ధర్మము. ఆ కావలి క్రమముగా కొన్ని చోట్ల బలవంతపు వసూలుగా మారినమాటయు నిజమే; 1896లో మదురై జిల్లా రైతులు దానికి విరోధముగా ఉద్యమము నడపిరి. తప్పు చేసినవారిని శిక్షించుటకు ఎవరును అడ్డు చెప్పరు. కాని కావలివారి బ్రతుకుతెరువును తీసివేసి, వారి జాతినంతను దొంగల పట్టికలో వ్రాసినందువలన ఏ గ్రామమునకు క్షేమము కలిగినది? ఇంకొక చిత్రమును చూడుడు. చిత్తిర ఉత్సవములో వైగైలో దిగుటకు వచ్చు అళగరుస్వామి కళ్ళరు వేషమును ధరించియే బయలుదేరును. కళ్ళళగరు అని ఆయనకు పేరు. ఆ వేషములోని దేవునికి లక్షలమంది ఎదురేగి మ్రొక్కుదుము. ఆ ఊళ్లనుండి పాలు తెచ్చు పిల్లవాని చొక్కా పట్టుకొందుము.

"అట్లయినచో జాగ్రత్త వలదా? ఎవరినైనను నమ్మి తలుపులు తెరచియుంచవలెనా?" అని అడుగువారుందురు. జాగ్రత్త తప్పక కావలెను. కాని జాగ్రత్త వేరు, నింద వేరు. నాయకరు మహలు సమీపమున 'విళక్కుత్తూణ్' అను దీపస్తంభము కలదు. ఆ చుట్టుపట్ల స్థలమునకును, పోలీసు ఠాణాకును అదియే పేరు. 1840 ప్రాంతమున కోటగోడలు పడగొట్టించి, కందకము పూడ్పించి, నగరమును వెలుపలికి పెరుగనిచ్చిన కలెక్టరు బ్లాక్‌బర్ను జ్ఞాపకార్థము నిలిపిన దీపమది. వీధికి కావలసిన మొదటి రక్షణ దీపమేయని ఆ స్తంభము నాకు తోపించును. మా వీధిలో ఆనాడు కరెంటు లేదు. దానికి ముందు రెండు నెలలుగా మూలనున్న వీధిదీపము కూడ వెలుగుటలేదు. దానిని గూర్చి ఒక్క అర్జీ వ్రాసినవారము మాలో ఒక్కరును లేము. దొంగ ఎన్నుకొనినది ఆ మూలనే.

దీపము తరువాత కావలసినవి కన్నులు. మదురైకి 'తూంగానగరము', అనగా నిదురపోని నగరము, అని పేరు. పూల అంగళ్లు, టిఫినుకొట్లు, మూటలు దింపు కూలీలు, తెల్లవార్లు నడచు జనము దీనికి హేతువు. సంఘకాలపు మదురైక్కాంజి యను తమిళ కావ్యములోనే ఈ ఊరి రాత్రి అంగడియు, నడిరేయి దొంగలను కనిపెట్టి తిరుగు కావలివారును వర్ణింపబడియున్నారు. ఇన్ని వందల ఏండ్లుగా ఈ నగరమును కాపాడినది తాళము మాత్రమే కాదు. మేలుకొని పనిచేయు బీదవారి కన్నులు కూడ. మనము అరుగులు విడిచి కటకటాల వెనుకకు పోయినకొలది వీధిలో కన్నులు తగ్గును. కన్నులు తగ్గినకొలది వీధి దొంగకు అనుకూలమగును. కెమెరా మంచిదే, మా వీధి దొంగలు దొరకినది దానివలననే. కాని కెమెరా జరిగినదానిని చూపునే గాని, పడిన అవ్వను లేవనెత్తలేదు.

కావున మనము చేయదగిన పనులు కొన్ని చెప్పెదను. వీధిదీపము ఆరినచో ఆ వారములోనే నగరపాలక సంస్థకు వ్రాయుడు. ఊరికి పోవునపుడు పొరుగువారికిని ఠాణాకును తెలుపుడు. నేరము జరిగినచో 112 సంఖ్యకు ఫోను చేయుడు. తప్పక వ్రాతమూలముగా ఫిర్యాదు చేయుడు. నేరము ఎక్కడ జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు ఇచ్చుటకు, ఎలక్ట్రానిక్ మార్గమున పంపి మూడు దినములలో సంతకము చేయుటకు 2024 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత వీలు కల్పించినది. ఫిర్యాదు ప్రతి ఉచితముగా పొందుట మన హక్కు. కెమెరా చిత్రములను పోలీసులకు మాత్రమే ఇండు; వాట్సాప్ గుంపులకు పంపకుడు. 2018 మే నెలలో తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవమును దర్శింపబోవు కుటుంబమొకటి త్రోవలో పిల్లలకు మిఠాయి ఇయ్యగా, పిల్లలను ఎత్తుకొనిపోవువారని ఫోనులలో తిరిగిన వదంతిని నమ్మిన జనులు వారిని కొట్టిరి. ఒక వృద్ధురాలు మరణించినది. ఆమె ఏ నేరమును చేయలేదు. ఫోటో పంపిన వ్రేలు తాను కఱ్ఱ పట్టలేదని చెప్పుకొనవచ్చును గాని, ఆ కఱ్ఱకు దారి చూపినది ఆ వ్రేలే.

నా తప్పును గూర్చి చెప్పి ముగించెదను. పాలపిల్లవాని జాడ తెలిసికొనుటకు నాకు నాలుగు నెలలు పట్టెను. వైగై అవతల ఒక పాలడిపోలో పనిచేయుచున్నాడని విని పోయితిని. "ఆనాడు నేను మాటాడవలసినది, మాటాడలేదు. క్షమింపుము" అని తెలుగులోనే చెప్పితిని. వాడు కొంతసేపు తల వంచుకొని, "పరవాలేదు సార్" అని తమిళములో చెప్పి మూటలు దింపుటకు పోయెను. వాడు నాతో తెలుగు మాటాడలేదు. ఆ బదులు నా మనస్సులో నేటికిని నాటుకొనియున్నది.

మా వీధిలో ఇప్పుడు ఆరిండ్లవారము సాయంకాలము ఆరు గంటలనుండి ఎనిమిది వరకు వీధితలుపు తెరచి, దీపము వేసి, అరుగుపై కూర్చుండవలెనని నియమము పెట్టుకొంటిమి. పోయిన చిత్తిర మాసమునుండి అవ్వ కూడ మరల వచ్చి పూలు కట్టుచున్నది. మెడలో పసుపుదారము మాత్రమే యున్నది. "వాడు కాదని చెప్పితినిగదరా" అని ఆమె నన్ను చూచినపుడెల్ల అనును. నాకు బదులు తోచదు.

విద్యార్థులారా! ఈ నెల మీకు వ్యాసరచనకు బదులుగా ఒక పని యిచ్చుచున్నాను. మీ వీధికి పాలు తెచ్చువారు, పత్రిక వేయువారు, చెత్త తీయువారు, ఇస్త్రీ చేయువారు, పూలమ్మువారు, వీరిలో ఐదుగురి పేర్లు అడిగి వ్రాసికొని రండు. ఊరు అడుగవలదు, జాతి అడుగవలదు, పేరు అడుగుడు. మరునాటినుండి ఆ పేరుతోనే పిలువుడు. మీ వీధి భద్రమైనదా కాదా యని తెలిసికొనుటకు నాకు తెలిసిన మొదటి లెక్క ఇదియే.